దేవుని చిత్తమా, మన చేతలా?



ఈ వారం మీతో ఒక తత్వవేత్తను గురించి మాట్లాడాలనుకుంటున్నాను. ఆయన మన మతస్థుడు కాడు. ఏ మతమూ వద్దన్నవాడు. గురువులు, మఠాలు, మధ్యవర్తులు మనిషికి ఊతకర్రలే తప్ప కాళ్లు కావన్నవాడు. అటువంటివాని మాటను ఒక విచారణ గురువు మన మేత్రాసన పత్రికలో ఎత్తడమేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను. కొంచెం ఓపిక పట్టి చదవండి.

కొన్నేళ్ల కిందటి మాట. జూలై నెల గడిచిపోతున్నా మా వైపు పదును వాన పడలేదు. శనక్కాయ విత్తనం మూటలు ఇళ్లలో కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ఊరి పెద్దలు వచ్చి, "సామీ, మరియమాతను ఊరేగిద్దాం, తల్లి మన మొగం చూస్తాది" అన్నారు. సరేనన్నాను. ఆదివారం సాయంత్రం స్వరూపాన్ని మోసుకొని, జపమాల చెప్పుకుంటూ చెరువు కట్ట దాకా పోయాం. చెరువులో కంపచెట్లు తప్ప ఏమీ లేవు. కట్టమీద మోకరించి ప్రార్థన చేసి తిరిగి వచ్చాం. ఆడవాళ్లు కొందరు ఏడ్చారు. ఆ ఏడుపు నిజమైన ఏడుపు. దానిని గూర్చి ఇక్కడ నేను చెప్పబోయే ఏ మాటా తక్కువ చేయదు.

తిరిగి వచ్చేటప్పుడు మా విచారణ కుర్రవాడొకడు నా పక్కకు చేరాడు. బడిపంతులు. మదనపల్లె దగ్గరున్న ఋషివ్యాలీకి వెళ్లి, పల్లె బడుల్లో చదువు చెప్పే పద్ధతి నేర్చుకొని వచ్చినవాడు. "ఫాదర్, ఒక మాట అడిగితే కోప్పడరు గదా" అన్నాడు. అడగమన్నాను. "మనం చెరువు దాకా పోయి వాన కోసం వేడుకున్నాం. బాగానే ఉంది. ఆ చెరువులోకి నీళ్లు తెచ్చే వంకను పూడ్చి పొలం చేసుకున్నవాళ్లు ముగ్గురు. ఆ ముగ్గురూ మనతోనే జపమాల చెప్పినారు. ఒకాయన స్వరూపం మోసినాడు కూడా. దేవుడు వాన ఇచ్చినాడే అనుకోండి, ఆ నీళ్లు యాడికి పోతాయి ఫాదర్?"

నాకు వెంటనే జవాబు రాలేదు. "ఇది నీ ప్రశ్నేనా?" అన్నాను. "ప్రశ్న నాదే ఫాదర్. అడగొచ్చునని మాత్రం కృష్ణమూర్తి పుస్తకాలు చదివినాక తెలిసింది" అన్నాడు.

జిడ్డు కృష్ణమూర్తి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. మనకు దూరపువాడేం కాదు. 1895 మే నెలలో మదనపల్లెలో పుట్టాడు. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పదేళ్ల వయసులో తల్లి పోయింది. తండ్రి నారాయణయ్య గారు దివ్యజ్ఞాన సమాజంలో సభ్యులు. 1909లో ఆయన పిల్లలను వెంటబెట్టుకొని మద్రాసు అడయారులోని సమాజ కేంద్రానికి చేరారు. అక్కడ సముద్రపు ఒడ్డున ఈ బక్కపలచని కుర్రవాణ్ణి చూసి, రాబోయే జగద్గురువు ఇతనేనని సమాజ పెద్దలు తీర్మానించారు. 1911లో అతని కోసమే ఒక సంఘం పెట్టి, అతన్నే దానికి అధిపతిని చేశారు. అనిబిసెంటమ్మ గారు కన్నకొడుకులాగా చూసుకున్నారు. దేశదేశాల్లో వేలమంది భక్తులు, ఆస్తులు, హాలెండులో ఒక కోట. మదనపల్లె పిల్లవాడికి ఇంతకంటే ఏం కావాలి?

1925లో అతని తమ్ముడు నిత్యానంద అమెరికాలో క్షయతో చనిపోయాడు. అన్న అప్పుడు ఓడలో ఉన్నాడు. మహాత్ములు తమ్ముణ్ణి కాపాడుతారని పెద్దలు నమ్మించారు, అతడూ నమ్మాడు. ఆ నమ్మకం ఆ ఓడలోనే విరిగింది. నాలుగేళ్ల తరువాత, 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్ అనే చోట వేలమంది ఎదుట నిలబడి, తన కోసం పెట్టిన ఆ సంఘాన్ని తానే రద్దు చేశాడు. సత్యానికి చేరవేసే దారి అంటూ ఏదీ లేదని, ఏ మతమూ ఏ సంస్థా మనిషిని అక్కడికి మోసుకుపోలేవని, తనను వెంబడించవద్దని చెప్పాడు. ఇచ్చిన కోటను, భూములను ఇచ్చినవారికి తిప్పి ఇచ్చేశాడు. అప్పటికి ముప్పై నాలుగేళ్లవాడు.

నేను గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మాకు ఫోయర్‌బాఖ్, మార్క్స్, నీషే, సార్త్ర్‌లను ఒక వరుసలో చెప్పేవారు. ఒక్కొక్కరు మతం మీద ఏ నేరం మోపారో, మనం ఏమని జవాబు చెప్పాలో నోటుబుక్కులో రెండు గడులు గీసుకొని రాసుకునేవాళ్లం. కృష్ణమూర్తికి దక్కింది ఒక్క క్లాసు. పక్క జిల్లావాడు కనుక పరీక్షలో రాడని వదిలేశాం. జర్మనీ నుంచి వస్తే గాని ప్రశ్నకు విలువ లేదనుకునే వయసు అది.

ఆయన విమర్శ ఏమిటో నాకు అర్థమైనంత వరకు చెబుతాను. మనిషికి భయం. రేపటి భయం, చావు భయం, ఒంటరితనం. ఆ భయాన్ని ఎదురుగా నిలబడి చూడడానికి బదులు ఒక నమ్మకాన్ని కొని తెచ్చుకుంటాడు. నమ్మకానికి ఒక గుడి, గుడికి ఒక పూజారి, పూజారికి ఒక గ్రంథం. ఇక తాను ఆలోచించే పని లేదు. మంచి చెడులు ఆ గ్రంథం చెబుతుంది, తప్పు చేస్తే పూజారి కడుగుతాడు, మిగిలింది దేవుడు చూసుకుంటాడు. నా నమ్మకం, నీ నమ్మకం అని మనుషులు చీలి కొట్టుకుంటారు. ఇందులో ఎక్కడా 'నేను చేశాను, నేనే బాధ్యుణ్ణి' అనేవాడు ఉండడు. ప్రపంచం వేరు నేను వేరు కాదని, నాలోని పేరాసే బయట యుద్ధంగా, దోపిడీగా కనబడుతున్నదని ఆయన ఎక్కడికి పోయినా చెప్పాడు. 1986 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో చనిపోయేదాకా చెబుతూనే ఉన్నాడు.

మన ఆంధ్రదేశంలోనే ఇంకొకాయన, గోరా గారు, గోపరాజు రామచంద్రరావు గారు, ఈ మాటను ఇంకా సూటిగా అన్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టినాయన. దేవుడున్నాడనే నమ్మకమే మనిషిని బానిసను చేస్తుందని, అది పోతేనే తన పనులకు తాను బాధ్యత పడతాడని ఆయన వాదం. గాంధీగారితో కూర్చుని వాదించాడు. మాటతో ఆగలేదు. తన కూతురిని దళిత యువకునికిచ్చి పెళ్లి చేశాడు. గాంధీగారు తామే జరిపిస్తామన్నారు గాని, ఆయన హత్య తరువాత 1948 మార్చిలో సేవాగ్రామంలో ఆ పెళ్లి జరిగింది. ప్రమాణంలో దేవుని పేరు లేదు, సత్యం పేరు ఉంది. ఒకే బల్ల దగ్గర దివ్యసత్ప్రసాదం పుచ్చుకునే మన కుటుంబాల్లో, సంబంధాలు చూసుకునేటప్పుడు ముందుగా అడిగే ప్రశ్న ఏమిటో మీకు తెలుసు, నాకూ తెలుసు. ఈ విషయం ఇంకొక వారం రాస్తాను. తప్పకుండా రాస్తాను.

మళ్లీ మా చెరువు దగ్గరికి వద్దాం. ఆ కుర్రవాడి ప్రశ్న విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వంక పూడ్చినవాళ్లు గుర్తుకు రాలేదు. నేనే గుర్తుకు వచ్చాను.

2003 ఎండాకాలం. అంతకు ముందటి ఏడు దేశమంతా కరువు. మా జిల్లా సంగతి చెప్పనక్కరలేదు. నేను కొత్తగా పట్టం పొందిన గురువును, వేరొక విచారణలో ఉన్నాను. గుడి పనుల్లో ఎప్పుడూ ముందుండే ఒక రైతు అప్పటికే ఆరు బోర్లు వేయించి పోగొట్టుకున్నాడు. ఏడోదానికి అప్పు తెచ్చాడు. టెంకాయను అరచేతిలో పెట్టుకొని పొలమంతా నడిచే ఆయన్ను పిలిపించి గుర్తు పెట్టించాడు. ఆ తరువాత నన్ను పిలిచి మంత్రించమన్నాడు. టెంకాయ మీద నమ్మకం ఎంత, తీర్థం మీద ఎంత అని నేను అడగలేదు. రైతు కష్టం చూసినవాడెవడూ అడగడు. ప్రార్థన చెప్పి, తీర్థం చల్లి, సిలువ గుర్తు వేశాను. రాత్రంతా రిగ్గు మోత. మూడు వందల అడుగులు దాటేదాకా తెల్లటి రాతిపొడి. తెల్లవారుజామున రెండున్నర ఇంచుల నీళ్లు పడ్డాయి. ఆయన పరుగున వచ్చి నా కాళ్లు పట్టుకున్నాడు. "మీ చెయ్యి చలువ సామీ" అన్నాడు. పిల్లలు బురదలో ఎగిరారు. ఆ రోజంతా నేను నేలమీద నడవలేదు.

నేను తీర్థం చల్లిన చోట నిలబడితే పక్క చేనులోని బావి కనబడుతుంది. అరవై డెబ్బై అడుగులు వేస్తే చేరతాం. ఒక విధవరాలి బావి అది. ఆమె భర్త చేతులతో తవ్వినది. నలభై అడుగుల లోతు. ఎంత ఎండలోనూ మోకాటిలోతు నీళ్లుండేవి. వాటితో అర ఎకరా మిరప, నాలుగు మళ్లు కూరగాయలు పెట్టుకొని ఇద్దరు పిల్లలను సాకేది. మా జిల్లా నేల కింద ఉన్నది గట్టి రాయి. పైన కరిగిన పొరలోనూ, రాతి పగుళ్లలోనూ తప్ప నీళ్లు నిలవవు. ఒక పగులు ఇంకొక పగులుతో కలిసి ఉంటుంది. ఒకచోట లోతుకు పోయి తోడితే పక్కవాళ్ల పొర ఆరిపోతుంది. ఈ సంగతి మా పల్లెల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. బావికీ బావికీ మధ్య ఇంత దూరముండాలని, బోర్లు నమోదు చేయించాలని అందులో ఉంది. ఆ రోజు ఆ చేలో అది ఎవరికీ గుర్తు రాలేదు.

నాలుగు నెలలకు ఆమె బావి ఎండింది. ఒక ఆదివారం పూజ అయ్యాక వచ్చి గుడి మెట్ల దగ్గర నిలబడింది. "బావిలో మన్ను తప్ప ఏమీ లేదు సామీ" అంది. నేనేమన్నానో చెబుతాను. "దేవుని చిత్తం తల్లీ, ఓర్చుకో. యోబు భక్తుణ్ణి తలచుకో" అన్నాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. మరుసటి ఏడు పిల్లలను తీసుకొని బెంగుళూరుకు, మేస్త్రీ పనికి పోయింది.

నీళ్లు పడినప్పుడు నా చెయ్యి చలువ. నీళ్లు పోయినప్పుడు దేవుని చిత్తం. చూశారా లెక్క! బోరు వేయించినవాడు నేను కాదు, దేవుడూ కాదు. అయినా నేనాడిన ఆ ఒక్క మాటతో వేయించినవాడు నిర్దోషి అయ్యాడు, మంత్రించినవాడు నిర్దోషి అయ్యాడు, చూడవలసిన అధికారి నిర్దోషి అయ్యాడు. నేరమంతా దేవుని మీదికి పోయింది. అది దైవదూషణ అవునో కాదో వేదాంతులు తేల్చాలి. ఎవడైనా నాస్తికుడు నా పక్కన నిలబడి ఆ మాట విని ఉంటే, కృష్ణమూర్తి రాసిన పుస్తకాలన్నీ చదవనక్కరలేదు, నా ఒక్క వాక్యం చాలు అతనికి. రెండవ వాటికను మహాసభ 1965లో వెలువరించిన, నేటి ప్రపంచంలో తిరుసభను గూర్చిన పత్రం ఈ విషయంలో దాచలేదు. నాస్తికత్వం పుట్టడంలో విశ్వాసుల తప్పు కూడా కొద్దిగా కాదు ఉందని, తమ నడవడి చేత వారు దేవుని ముఖాన్ని చూపడానికి బదులు కప్పివేస్తున్నారని ఒప్పుకున్నది. పరీక్ష కోసం నేను కంఠస్థం చేసిన భాగం అది. మార్కులు కూడా వచ్చాయి.

అయితే కృష్ణమూర్తి చెప్పినదంతా ఒప్పుకోవాలా? ఇక్కడ నేను ఆగుతాను. గురువును కనుక నా ఉద్యోగం కాపాడుకుంటున్నానని అనుకోకండి. కారణాలు చెబుతాను, మీరే తూచండి.

మన గ్రంథం మొదటి పుటల్లోనే ఈ జబ్బు రాసి ఉంది. ఆదాము వేలు ఏవ వైపు చూపించాడు, ఏవ వేలు సర్పం వైపు చూపించింది. కయీను అయితే తమ్ముని సంగతి తనకేం సంబంధమన్నట్టు ఎదురు ప్రశ్న వేశాడు. దేవుడు ఎవరి సాకునూ ఒప్పుకోలేదు. తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే పిల్లల పళ్లు పులిశాయనే సామెతను ఇక వాడవద్దని, ఎవని తప్పుకు వాడే బాధ్యుడని యెహెజ్కేలు ప్రవక్త తన ప్రజలకు తెగేసి చెప్పాడు. బాధ్యతను పైకి నెట్టడం మతం నేర్పిందంటే నేను ఒప్పుకోను. మనిషికి అది ముందే వచ్చు. మతాన్ని కూడా అందుకు వాడుకోవడం మనం నేర్చుకున్నాం. మతం లేనివాడు ప్రభుత్వం మీదికి నెడతాడు, కాలం మీదికి నెడతాడు, జాతకం మీదికి నెడతాడు.

పాపసంకీర్తనం సంగతి చూడండి. తప్పు చేసి, గురువు చెవిలో చెప్పి, మూడు మంగళవార్త జపాలు చెప్పుకొని కడిగేసుకోవడమని బయటివాళ్లు ఎగతాళి చేస్తారు. మనలో చాలామంది చేసేదీ అంతే, అందుకే ఆ ఎగతాళి గుచ్చుకుంటుంది. తిరుసభ బోధ మాత్రం అది కాదు. పశ్చాత్తాపం ఉండాలి, ఒప్పుకోవాలి, నష్టం పూడ్చాలి. పొరుగువాని సొమ్ము దొంగిలించినవాడు దానిని తిరిగి ఇవ్వకుండా విమోచనం పొంది ఇంటికి పోవడం కుదరదు. జక్కయ్య ప్రభువును ఇంట చేర్చుకున్నప్పుడు ఏం చేశాడు? సగం ఆస్తి పేదలకిచ్చి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. రక్షణ ఆ ఇంటికి వచ్చిందని ప్రభువు అన్నది ఆ మాట విన్న తరువాతనే. అలా లెక్క చూసుకుంటే, పక్క బావి ఎండగొట్టినవాడు ఏం తిరిగి ఇవ్వాలి? దానిని మంత్రించినవాడు ఏం ఇవ్వాలి?

రెండో సంగతి. మధ్యవర్తి అక్కర్లేదు, ఎవరికి వారే తమను చూసుకోవాలన్నాడు ఆయన. చూడగలిగితే మంచిదే. దావీదు రాజు సంగతి గుర్తుందా? ఊరియా భార్యను తీసుకొని, ఊరియాను చంపించి, నిశ్చింతగా కూర్చున్నాడు. ఆయన భక్తుడు, తెలివైనవాడు, తనను తాను చూసుకోగల కండ్లు ఉన్నవాడే. కనబడలేదు. నాతాను ప్రవక్త వచ్చి, ధనికుడు పేదవాని ఒక్కగానొక్క గొర్రెపిల్లను గుంజుకున్న కథ చెప్పాక గాని కనబడలేదు. నాకు మాత్రం కనబడిందా? ఒక్క బావి ఉన్నదాని బావిని ఆరు బోర్లు వేసినవాడి ఏడో బోరు మింగింది. నాతాను కథకూ దీనికీ తేడా ఏముంది? ఆ కథమీద నేను నాలుగుసార్లు ప్రసంగం చేశాను. చెరువు కట్టమీద ఒక కుర్రవాడు అడిగేదాకా నా కథ అదేనని తెలియలేదు. మన కన్ను మనకు కనబడదు. ఇంకొక మనిషి కావాలి. కృష్ణమూర్తిగారే చూడండి, ఎవరూ ఎవరికీ గురువు కాదన్న తరువాత యాభై ఆరేళ్ల పాటు దేశదేశాలు తిరిగి మాట్లాడుతూనే ఉన్నారు. వినేవాళ్లు అవసరం లేకపోతే ఆయనకెందుకంత శ్రమ?

ఇంకొక చిత్రమైన సంగతి. ఆయన తన సంఘాన్ని రద్దు చేసిన ఆ 1929వ సంవత్సరంలోనే, పదకొండవ పయస్ పోపుగారు పునీత జాన్ మరియ వియాన్ని గారిని ప్రపంచంలోని విచారణ గురువులందరికీ పాలక పునీతునిగా ప్రకటించారు. ఆయన పండుగ ఆగస్టు 4. ఓమెన్ ప్రసంగం ఆగస్టు 3. ఆర్స్ అనే పల్లెటూరిలో ఆ గురువు రోజుకు పదహారు గంటలు కూడా పాపసంకీర్తన పీటలో కూర్చునేవాడు. జనానికి చిన్న ప్రాయశ్చిత్తమే ఇచ్చి, మిగిలింది వాళ్ల తరఫున తాను చేసేవాడు. అయోగ్యుణ్ణని భయపడి ఊరు విడిచి పారిపోవాలని ఒకటికి రెండుసార్లు ప్రయత్నించాడు కూడా. నా పాపానికి నేనే బాధ్యుణ్ణి అన్నది కృష్ణమూర్తి నేర్పగల పాఠం. నీ పాపానికి కూడా నేను కొంత మోస్తాను అన్నది ఆర్స్ గురువు పాఠం. మొదటిది రాకుండా రెండోది మోసేవాడు నాలాగా తీర్థం చల్లి పోతాడు. రెండోది లేకుండా మొదటిదే పట్టుకున్నవాణ్ణి నేను పెద్దగా చూడలేదు గాని, వాడు చాలా ఒంటరివాడై ఉంటాడని అనుకుంటాను.

మూడోది నీళ్ల సంగతే. మా జిల్లా వానచాయలో ఉంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదనే కురిసి ఖాళీ చేతులతో వస్తాయి. ఈశాన్యపు మేఘాలు ఇక్కడికి చేరేటప్పటికి అలసిపోతాయి. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఒక వరుసలో రాదు. 1876-78 కరువులో మన రాయలసీమ ఎంత చచ్చిందో తాతల నోట విన్నవాళ్లున్నారు. ఇందులో నా దోషమూ లేదు, నీ దోషమూ లేదు. దీనిని దేవుని చిత్తమంటే కొంతవరకు ఒప్పుకుంటాను. కాని కొర్ర, సద్ద, జొన్న పోయి ఎటుచూసినా శనక్కాయే కావడం, చెరువులు పూడిపోవడం, 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు రావడం, బోరు పక్కన బోరు పడడం, ఇవి మనుషులు చేసినవి. అందరూ కలిసి చేసినవి. ఒక్కొక్కరుగా అడిగితే ఎవరూ చేయలేదు. ఉచిత కరెంటు వద్దని నేను అనడం లేదు, అంటే మా ఊళ్లో నాకు సంగటి పెట్టేవాళ్లుండరు. ఇటువంటి తప్పును ఒక మనిషి ధ్యానంలో కూర్చుని చూసినంత మాత్రాన వంకలో మన్ను కదలదు. పదిమంది కూర్చోవాలి, ఒక కట్టుబాటు రాసుకోవాలి, దాన్ని దాటినవాణ్ణి అడిగేవాడుండాలి. సంస్థలన్నీ ఊతకర్రలేనంటే, కుంటివాడికి కర్ర కావాలి గదా. ఋషివ్యాలీ లోయ కూడా ఒకప్పుడు బోడిగా ఉండేది. ఏళ్లతరబడి చెట్లు నాటి, నీళ్లు ఇంకించి పచ్చగా చేసుకున్నారు. అది చేసిందీ ఒక సంస్థే.

దేవుణ్ణి నమ్మితే బాధ్యత చస్తుందన్న గోరా గారి వాదానికి జవాబు కావాలంటే నేను పుస్తకాలు వెతకను. 1969లో ఒక స్పెయిన్ దేశస్థుడు అనంతపురానికి వచ్చాడు. అప్పటికి యేసుసభ గురువు, మరుసటి ఏడు సభను విడిచి పెళ్లి చేసుకున్నాడు. విన్సెంట్ ఫెర్రర్ గారు. సభను విడిచినా దేవుని ఏలుబడి మీద నమ్మకం విడవలేదు. 2009లో కన్నుమూసేదాకా ఈ జిల్లాలో బావులు, చెరువులు, ఇళ్లు, ఆసుపత్రులు కట్టిస్తూనే ఉన్నాడు. దేవుడు చూసుకుంటాడన్న మాట ఆయన నోటిలోనూ ఉండేది. ఆ మాట చెప్పి ఆయన పారపట్టేవాడు, నేను చేతులు కడుక్కున్నాను. మాటలో తేడా లేదు.

ఊరేగింపు జరిగిన మరుసటి ఆదివారం ప్రసంగంలో నేను 2003 నాటి సంగతి, ఎవరి పేరూ ఎత్తకుండా, చెప్పాను. నా పేరు మాత్రం ఎత్తాను. గుడిలో ఎవరూ దగ్గలేదు కూడా. తరువాత పాత విచారణ వాళ్లను అడిగి ఆ తల్లి ఆచూకీ తెలుసుకున్నాను. బెంగుళూరు శివారులో కూతురి దగ్గర ఉంటున్నది. వెళ్లాను. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి టీ పెట్టింది. నేను వచ్చిన పని చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు.

"బోరు ఆయప్ప ఏయించుకున్యాడు. అప్పుల్లో ఉన్యాడు, నాకు తెలీదా సామీ. మీరు తీర్థం చల్లినారు, అడిగితే చల్లక ఏం జేస్తారు" అంది. ఆ తరువాత, గిన్నెలు సర్దుకుంటూ, "అయితే ఆ పొద్దు మెట్లకాడ దేవుని చిత్తం అంటిరే, ఆ మాటకు నేను మూన్నెల్లు గుడికి రాలే. మీరు గమనించలే" అంది.

నిజమే. గమనించలేదు.

పోయిన వేసవిలో మా చెరువుకు నీళ్లొచ్చే వంక విషయమై ఊళ్లో కూర్చున్నాం. అన్ని కులాలవాళ్లు, అన్ని మతాలవాళ్లు వచ్చారు. ఆ పంతులు కుర్రవాడు పాత పటం ఒకటి సంపాదించి తెచ్చాడు. వంక పూడ్చిన ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకున్నారు. ఒకాయన తన ట్రాక్టరుతోనే మన్ను తీయించాడు. మూడో ఆయన పూజకు తప్పకుండా వస్తాడు, మరియమాత స్వరూపం మోసింది ఆయనే. ఇంకా ఏ మాటా చెప్పలేదు. ఆయన పొలం వంకకు సరిగ్గా నడిమధ్యలో ఉంది. వారానికొకసారి సాయంత్రం పూట ఆయన ఇంటికి వెళ్లి కూర్చుని వస్తున్నాను.